పీరు ఎత్తాలా, రోజా ఉండాలా?

ప్రశ్న: అస్సలాము అలైకుమ్. మాది కల్వకుర్తి దగ్గర ఒక పల్లె. దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. నేను జడ్చర్లలో కరెంటు పని చేస్తాను. మా ఊరి పీర్ల కొట్టం (ముహర్రంలో ఎత్తే ఇత్తడి పీర్లు ఉండే ఇల్లు) తాతల కాలం నుంచి మా ఇంటి చేతిలోనే ఉంది. ఆ పని కింద కొంత ఇనాం భూమి కూడా మేమే దున్నుకుంటున్నాం. నాయన పోయిన బక్రీదు తర్వాత చనిపోయారు. వచ్చే ముహర్రంకు హుసేన్ పీరును నేనే ఎత్తాలని ఊరంతా అనుకుంటోంది. కొన్నేళ్లుగా నమాజు వదలకుండా చదువుతున్నాను. పీర్లు ఎత్తడం బిద్అత్ (ధర్మంలో లేని కొత్త ఆచారం) అని మసీదులో విన్నాను. అమ్మేమో "నువ్వు పీర్లకు మొక్కితే పుట్టినవ్ బిడ్డా, నువ్వు ఎత్తకుంటే ఇంటికీ ఊరికీ అరిష్టం వస్తది" అని ఏడుస్తోంది. పీర్ల పెట్టెను రాత్రికి రాత్రే బావిలో పడెయ్‌మని దోస్తులు అంటున్నారు. అసలు ఆ రోజు మేం చేయాల్సిందేమిటి? షర్బత్, ఖిచ్‌డా కూడా తప్పేనా? చెల్లెలి నిఖా ముహర్రంలో పెట్టుకోవచ్చా? (పేరు వేయొద్దు.)

జవాబు: వ అలైకుముస్సలాం. మీ నాయనగారిని అల్లాహ్ మన్నించుగాక, ఆయన సమాధిని వెలుగుతో నింపుగాక.

తమ్ముడూ, ఆషూరా (ముహర్రం పదో రోజు) నాడు ఏం చేయకూడదో చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరికారు. ఏం చేయాలో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేనట్టుంది. అందుకే ముందు అక్కడి నుంచే మొదలుపెడతాను. చేయాల్సింది చేతిలోకి వస్తే, వదలాల్సినదాన్ని వదలడం సగం తేలికవుతుంది.

ముహర్రం పదో రోజుకు ఉన్న ఇబాదత్ (ఆరాధన) ఒక్కటే, ఉపవాసం, అంటే రోజా. ఇది చాలా పాతది. ఇస్లాంకు ముందే మక్కాలో ఖురైషులు ఆ రోజు ఉపవాసం ఉండేవారని ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చాక అక్కడి యూదులు కూడా ఆ రోజు ఉపవాసం ఉండటం చూసి ఎందుకని అడిగారు. మూసా ప్రవక్త (అలై)నూ, ఆయన జాతినీ అల్లాహ్ ఈజిప్టు రాజు ఫిరౌను చేతిలోంచి కాపాడిన రోజు ఇది, అందుకు కృతజ్ఞతగా మూసా ఉపవాసం ఉన్నారని వాళ్లు చెప్పారు. "మూసాకు మీకంటే మేమే దగ్గరివాళ్లం" అని ప్రవక్త (స) తానూ ఉన్నారు, సహచరులనూ ఉండమన్నారు. హిజ్రీ 2లో రంజాన్ ఉపవాసాలు విధి అయ్యాక ఆషూరా ఉపవాసం ఐచ్ఛికమైంది. ఇష్టమున్నవాళ్లు ఉండొచ్చు, లేనివాళ్లు మానొచ్చు. కానీ దాని విలువ తగ్గలేదు. గడిచిన ఏడాది పాపాలకు అది పరిహారమవుతుందని ఆశిస్తున్నానని ప్రవక్త (స) చెప్పిన మాట సహచరుడు అబూ ఖతాదా (రజి) ద్వారా సహీ ముస్లిం అనే హదీసు (ప్రవక్త మాటల) గ్రంథంలో ఉంది. అక్కడ చెప్పింది చిన్న పాపాల గురించి అని పండితులు వివరిస్తారు. ఒకరి సొమ్ము తిన్నది, ఒకరి మనసు నొప్పించింది ఒక రోజు ఆకలితో చెల్లిపోదు. సొమ్ము తిరిగివ్వాలి, క్షమాపణ అడగాలి.

రుబయ్యి అనే సహాబియా (ప్రవక్త సహచరురాలు) చెప్పిన సంగతి ఒకటుంది. మీ ఇంట్లో పిల్లలుంటే వాళ్లకు కూడా చెప్పండి. ఆషూరా ఉపవాసం గురించి ప్రవక్త (స) ఆదేశం వచ్చాక అన్సారుల (మదీనా ముస్లింల) ఆడవాళ్లు తమ పిల్లల చేత కూడా ఉపవాసం చేయించేవారు. పిల్లల కోసం ఉన్నితో బొమ్మలు చేసి పెట్టుకునేవారు. ఎవరైనా పిల్లాడు అన్నం కోసం ఏడిస్తే ఆ బొమ్మ చేతికిచ్చి ఇఫ్తార్ దాకా ఆడించేవారు. మదీనాలో ఆషూరా అంటే ఇదీ. అమ్మలు, పిల్లలు, ఉన్ని బొమ్మలు, పొద్దుగూకే దాకా ఓపిక. డప్పు లేదు, నిప్పుల గుండం లేదు, ఊరేగింపు లేదు.

"వచ్చే ఏడు బతికుంటే తొమ్మిదో రోజు కూడా ఉంటాను" అని ప్రవక్త (స) అన్నారు. ఆ వచ్చే ఏడు రాకముందే కన్నుమూశారు. కాబట్టి తొమ్మిది, పది రెండు రోజులూ ఉండటం మేలు. తొమ్మిది తప్పిపోతే పది, పదకొండు ఉండమని చాలామంది ఉలమా (ధర్మ పండితులు) చెబుతారు. ఏదీ కుదరక పదో రోజు ఒక్కటే ఉన్నా ఉపవాసం ఉపవాసమే. తేదీ మాత్రం క్యాలెండర్ సెలవు చూసి కాదు, నెలవంక కబురు చూసి లెక్కపెట్టుకోండి. రెండింటికీ ఒక్కోసారి ఒక రోజు తేడా వస్తుంది.

ఇక కర్బలా. ప్రవక్త (స) మనవడు హజ్రత్ ఇమామ్ హుసేన్ (రజి) హిజ్రీ 61 ముహర్రం 10న, అంటే క్రీ.శ. 680 అక్టోబర్ 10న, ఇరాక్‌లో యూఫ్రటీస్ నదికి దగ్గర్లో షహీద్ అయ్యారు. ప్రవక్త (స) పోయి అప్పటికి హిజ్రీ లెక్కన సుమారు 50 ఏళ్లు. ధర్మం పరిపూర్ణమైందని ఖుర్ఆన్ ప్రకటించి కూడా అంతే కాలమైంది. కాబట్టి ఆ రోజు ఇబాదత్ కర్బలా వల్ల వచ్చింది కాదు, దానికి చాలా ముందే స్థిరపడింది. ఈ మాట చెబితే కొందరు "అయితే నీకు హుసేన్ మీద ప్రేమ లేదా" అంటారు. ఆ నిందను మీరు మోయనక్కర్లేదు. హసన్, హుసేన్ స్వర్గంలో యువకుల నాయకులని ప్రవక్త (స) చెప్పారు. వాళ్లను ప్రేమించడం మన ఈమాన్‌లో భాగం. నీళ్లు అందనివ్వకుండా చేసి, ప్రవక్త ఇంటి పిల్లలను ఆ ఎండలో చంపిన సంగతి చదువుతుంటే కన్ను చెమర్చని ముస్లిం ఉండడు. ఆ కన్నీరు తప్పు కాదు. కొడుకు ఇబ్రాహీం చనిపోయినప్పుడు ప్రవక్త (స) కూడా ఏడ్చారు. "కన్ను నీరు కారుస్తుంది, మనసు బాధపడుతుంది, నోటితో మాత్రం ప్రభువుకు ఇష్టమైన మాటే అంటాం" అన్నారు. చెంపలు బాదుకునేవాళ్లు, బట్టలు చింపుకునేవాళ్లు మనవాళ్లు కారని కూడా ఆయనే అన్నారు.

దుఃఖానికి కూడా ధర్మంలో గడువుంది. ప్రవక్త (స) భార్య ఉమ్మె హబీబా (రజి)కి తండ్రి చనిపోయిన కబురొచ్చింది. మూడు రోజులయ్యాక ఆమె పసుపురంగు సుగంధం తెప్పించి, ముందు అక్కడున్న ఒక అమ్మాయికి రాసి, తర్వాత తన చెంపలకు రుద్దుకుని ఇలా అన్నారు: నాకిప్పుడు సుగంధం మీద కోరికేం లేదు, కానీ భర్త కోసం నాలుగు నెలల పది రోజులు తప్ప ఇంకెవరి కోసమైనా మూడు రోజులకు మించి సంతాపం పాటించకూడదని ప్రవక్త (స) చెప్పగా విన్నాను. కన్న తండ్రి కోసం ఆమె చేసిందది. 1300 ఏళ్లు దాటిన తర్వాత మనం ప్రతి ఏటా పది రోజుల సంతాపాన్ని ధర్మవిధిగా పెట్టుకోవడానికి ఆధారం ఎక్కడ ఉంది?

షియా సోదరుల ఫిఖ్‌లో (ధర్మశాస్త్రంలో) ముహర్రం సంతాపం స్థానం వేరు. హైదరాబాద్‌లో బీబీకా ఆలం ఊరేగింపు చూసి వచ్చినవాళ్లకు అది తెలుసు. వాళ్లతో వాదానికి దిగమని నేను చెప్పడం లేదు. మీరు సున్నీ కుటుంబం, మీరు అడిగింది మీ దారి గురించి.

మరి మన పల్లెకు పీర్లు ఎలా వచ్చాయి? హిజ్రీ 352లో, క్రీ.శ. 963లో, బాగ్దాద్‌ను ఏలుతున్న బువైహీ పాలకుడు ముయిజ్జుద్దౌలా ఆషూరా నాడు దుకాణాలు మూయించి, ఆడవాళ్లను జుట్టు విరబోసుకుని వీధుల్లో ఏడవమన్నాడు. సర్కారు హుకుంతో ఊరంతా సంతాపం చేయడం అక్కడ అప్పుడు మొదలైంది. దానికి పోటీగా సిరియాలో ఇంకొందరు అదే రోజు ధాన్యాలు వండుకుని, తలంట్లు పోసుకుని, కొత్త బట్టలు కట్టి పండుగ చేసుకున్నారని చరిత్రకారుడు ఇబ్నె కసీర్ రాశారు. ఒకరు ఏడుపు కలిపారు, ఒకరు సంబరం కలిపారు. ఇద్దరి మధ్య ఉపవాసం మరుగున పడింది. మన దక్కన్‌లో 1518 నుంచి 1687 దాకా గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలు షియాలు. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో హైదరాబాద్‌లో బాద్‌షాహీ ఆషుర్‌ఖానా కట్టించాడు. కర్బలాలో హుసేన్ తమ్ముడు హజ్రత్ అబ్బాస్ పట్టిన జెండాకు గుర్తుగా ఆలంలు నిలిపారు. ఆ ఆచారం దేశ్‌ముఖుల గడీల దాకా, పటేళ్ల ఇళ్ల దాకా, నల్లగొండ, పాలమూరు పల్లెల దాకా పాకింది. తర్వాత వచ్చిన నిజాంలు సున్నీలే అయినా దాన్ని ఆపలేదు. పల్లెకు చేరేసరికి జెండా కాస్తా పీరైంది, పీరు కాస్తా దేవుడైంది.

మీ కష్టం అసలు ఇక్కడే ఉంది. మీ దోస్తులు అన్నింటినీ కలిపి బిద్అత్ అంటున్నారు. కానీ పీర్ల కొట్టంలో జరిగేవన్నీ ఒకే బరువు కావు. నెలవంక కనిపించగానే పెట్టె తెరిచి, ఇత్తడి పీర్లను చింతపండుతో తోమి, కర్రకు కట్టి, దట్టీలు చుట్టి, ఊదు పొగ వేయడం, అదే దీన్ (ధర్మం) అనుకుని చేయడం బిద్అత్. "మన ఈ ధర్మంలో లేనిదాన్ని ఎవరు కొత్తగా కలిపితే అది తిరస్కృతం" అన్న హదీసు దానికి వర్తిస్తుంది. కానీ ఆ పీరు ముందు నిలబడి కొడుకునివ్వు అని అడగడం, పీరు ఒంటి మీదికి వచ్చిందని ఒక మనిషిని పట్టుకుని వానలెప్పుడు పడతాయి, నా బిడ్డ పెళ్లెప్పుడు అవుతుంది అని అడగడం అంతకంటే చాలా పెద్ద సంగతి. అది తౌహీద్‌నే, అంటే దేవుడొక్కడే అన్న నమ్మకాన్నే తాకుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) కాబాలోని నల్లరాయిని ముద్దాడుతూ, "నువ్వు రాయివని నాకు తెలుసు, నీ వల్ల మేలూ లేదు, కీడూ లేదు, ప్రవక్త (స) ముద్దాడటం చూడకపోతే నేనూ ముద్దాడేవాణ్ణి కాదు" అన్నారు. కాబా గోడలో ఉన్న రాయికే ఆ మాట అన్నప్పుడు, మన ఊరి కంచరివాళ్లు పోతపోసిన ఇత్తడి ఎవరికి ఏమివ్వగలదు? "నా దాసులు నా గురించి అడిగితే నేను దగ్గరే ఉన్నానని చెప్పు, పిలిచినవాడి పిలుపుకు బదులిస్తాను" అని ఖుర్ఆన్ (2:186) అంటోంది. ఇమామ్ హుసేన్ కూడా కర్బలాలో ఆ ప్రభువునే పిలిచారు.

కాబట్టి నా జవాబు సూటిగా ఇదీ: పీరు ఎత్తకండి. ఊరి మాట కోసం ఈ ఒక్క ఏడు ఎత్తుతా అనుకోకండి. నాయన తర్వాత మొదటి ఏడు మీరు భుజాన వేసుకుంటే వచ్చే ఏడు దించడం ఇంకా కష్టం.

అమ్మ గురించి చెప్పాలి. ఆమె ఏడుపులో రెండు భయాలున్నాయి. ఒకటి, మొక్కు తప్పితే కొడుకుకు ఏమవుతుందోనని. ఇంకోటి, నీ తండ్రి చేసిందంతా వట్టిదేనా అని కొడుకు అంటాడేమోనని. రెండోదే ఎక్కువ బాధపెడుతుంది. అందుకే నాయన గురించి ఒక్క చెడ్డ మాట మీ నోట రాకూడదు. ఆయన తనకు తెలిసినంతలో భక్తితోనే చేశారు. ఆయన లెక్క అల్లాహ్ దగ్గర ఉంది, మీ దగ్గర లేదు. షిర్క్ చేయమని, అంటే అల్లాహ్‌కు ఇంకొకరిని సాటి కల్పించమని, తల్లిదండ్రులు ఒత్తిడి చేస్తే ఆ మాట వినొద్దని, అయినా ఈ లోకంలో వాళ్లతో మంచిగా మెలగమని సూరా లుఖ్మాన్ (31:15) ఒకే ఆయతులో రెండూ చెప్పింది. చాలామంది యువకులు మొదటి సగం చదివి ఆగిపోతున్నారు. మీరు ఆగకండి.

అమ్మతో ఇలా మాట్లాడి చూడండి: "అమ్మా, నువ్వు నా కోసం ఏడ్చి అడిగిన రోజు నీ ఏడుపు విన్నది అల్లాహే. నన్ను ఇచ్చింది ఆయనే. ఆ మొక్కు ఆయనకే తీర్చుకుందాం." తర్వాత ఆషూరాకు ముందే, ఆమె చేత్తోనే ఒక పేద ఇంటికి బియ్యమో బట్టలో ఇప్పించండి. మొక్కు తీర్చలేదన్న దిగులు వాదిస్తే పోదు, చేతితో ఏదైనా చేస్తే పోతుంది. తొమ్మిదో రోజు తెల్లారుజామున మీరే లేచి సహరీకి (ఉపవాసానికి ముందు తినే భోజనానికి) పొయ్యి వెలిగించండి. అమ్మకు ఆ రెండు రోజులూ ఇంట్లో ఒక పని, ఒక సందడి ఉండాలి. పాత సందడి తీసేసి ఇల్లు బోసిగా వదిలేస్తే ఆమె మనసు కొట్టం వైపే పోతుంది.

ఊరి సంగతికొస్తే, చాలా పల్లెల్లో పీర్ల పండుగ ముస్లింలది మాత్రమే కాదు. ఎత్తేవాళ్లలో, గుండం చుట్టూ ఆడేవాళ్లలో, కుడుకల దండలు తెచ్చేవాళ్లలో ఎక్కువమంది హిందువులే. హుస్సేనయ్య, ఫకీరయ్య, పీరమ్మ అని పేర్లు పెట్టుకున్న ఇళ్లు మీ చుట్టూ ఉంటాయి. వాళ్లకు మీ ఇంటి మీద గౌరవముంది. నెలవంక కనిపించిన రాత్రి "నేను ఎత్తను" అని తలుపేసుకుంటే అది వాళ్లను అవమానించడమే. ఇప్పుడే, నెలల ముందే, సర్పంచినీ పెద్దమనుషులనూ ఇంటికి పిలిచి, చాయ్ పోసి చెప్పండి. "మా దీన్‌లో ఈ రోజుకు ఉపవాసమే ఉంది. నేను ఉపవాసం ఉంటాను, పీరు ఎత్తలేను. మీ మీద నాకు ఏ కోపమూ లేదు" అనండి. అంతకు మించి ఉపన్యాసం వద్దు. వాళ్లు గౌరవించేవాటిని ఎగతాళి చేయొద్దు. ఇతరులు కొలిచేవాటిని తిట్టొద్దని ఖుర్ఆన్ (6:108) ఆజ్ఞ. ఆ ఏడు వాన ఆలస్యమైతే ఎవరో ఒకరు మీ పేరు ఎత్తుతారు. ఆ మాటను ఓర్చుకోండి. వాన కోసం దుఆ చేస్తున్నానని చెప్పండి, నిజంగానే చేయండి.

పెట్టెను బావిలో పడెయ్యడం మాత్రం హరాం పని. అది మీ సొత్తు కాదు. ఊరు నమ్మి మీ ఇంట్లో పెట్టిన అమానత్. అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పజెప్పండని ఖుర్ఆన్ (4:58) చెబుతోంది. పెద్దమనుషుల ముందు పెట్టె తెరిచి, ఉన్న పీర్లు, దట్టీలు, వెండి తొడుగులుంటే అవీ లెక్కపెట్టి, కాగితం మీద రాసి, సంతకాలు తీసుకుని తాళంచెవి ఇచ్చేయండి. ఆ తర్వాత వాళ్లేం చేసుకుంటారన్నది వాళ్ల ఇష్టం. ఎలా తోమాలో, ఎలా కట్టాలో మీరు నేర్పకండి. అడ్డం కూడా పడకండి.

భూమి గురించి మీ ఉత్తరంలో ఒక్క వాక్యమే రాశారు. నా మనసు దాని దగ్గరే ఎక్కువసేపు ఆగింది. కొట్టం పని చేసినందుకు ఇచ్చిన ఇనాం అయితే, పని వదిలి భూమి మాత్రం ఉంచుకోవడం ఎలా న్యాయమవుతుంది? పీరు ఎత్తడం బిద్అత్ అని చెప్పి, ఆ పీరు పేరు మీద వచ్చిన పంట తింటే మీ మాట ఊళ్లో ఎవరూ నమ్మరు. నమ్మక్కర్లేదు కూడా. ఇలా ఖిద్మత్ (సేవ) షరతు మీద ఇచ్చిన ఇనాంలను, మష్రూతుల్ ఖిద్మత్ అంటారు, 1995 నాటి వక్ఫ్ చట్టం వక్ఫ్‌లోనే, అంటే ధర్మకార్యాలకు అంకితమైన ఆస్తిలోనే లెక్కగట్టింది. మీ భూమి పాత పహాణీలో ఏమని రాసుందో తహసీల్ ఆఫీసులో నకలు తీసుకోండి. హైదరాబాద్ నాంపల్లిలో హజ్ హౌస్‌లో ఉన్న వక్ఫ్ బోర్డు ఆఫీసులో మీ ఊరి ఆషుర్‌ఖానా పేరు గెజిట్‌లో ఉందేమో అడగండి. వక్ఫ్ అని తేలితే కౌలు కట్టే దారి అడగండి, లేదా అప్పజెప్పండి. మీ సొంత పట్టా అని తేలితే నిశ్చింతగా దున్నుకోండి. తేలేదాకా కొత్తగా అమ్మకం, కుదువ ఏదీ పెట్టొద్దు.

మిగతావి త్వరగా చెప్తాను. నీళ్లు, షర్బత్ దాహమైనవాడికి ఏ రోజు ఇచ్చినా పుణ్యమే. ఆషూరాకే ప్రత్యేకం అనుకుని, ఇమామ్ పేరు మీద ఫాతెహా ఇచ్చి, తాగితే రోగాలు పోతాయని పంచడం వద్దు. ఖిచ్‌డా తిండి, హలాల్ తిండి. నూహ్ (అలై) ఓడ దిగిన రోజు ధాన్యాలన్నీ కలిపి వండారన్న కథకు మాత్రం గట్టి ఆధారం లేదు. ఆ రోజు ఇంటివాళ్ల మీద ధారాళంగా ఖర్చుపెడితే ఏడాదంతా బర్కత్ ఉంటుందన్న రివాయత్ (కథనం) బలహీనమని ఇమామ్ అహ్మద్ వంటివారు చెప్పారు, కొందరు ఉలమా ఒప్పుకున్నారు. దాని మీద ఎవరితోనూ గొడవపడొద్దు. నేనైతే ఇఫ్తార్‌కు వండిన కూర కొంచెం పలచగా చేసి, పక్కింటి హిందూ కుటుంబానికి కూడా గిన్నె పంపమంటాను. కూర వండితే నీళ్లెక్కువ పోసి ఇరుగుపొరుగును చూసుకోమని ప్రవక్త (స) అబూ జర్ (రజి)కి చెప్పారు. చెల్లెలి నిఖా ముహర్రంలో నిక్షేపంగా పెట్టుకోండి. అది అల్లాహ్ గౌరవించిన నాలుగు నెలల్లో ఒకటి, అందులో దోషం ఏముంది? సఫర్ నెలలో తేరా తేజీ అని పదమూడు రోజులు శుభకార్యాలు ఆపుతారు, అదీ అంతే. సఫర్‌లో అపశకునం లేదని సహీ బుఖారీలో హదీసుంది.

దోస్తులకు నా తరఫున ఒక సంగతి చెప్పండి. ఇరాక్ నుంచి వచ్చిన ఒకతను హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి)ని, ఇహ్రామ్‌లో (హజ్ దీక్షలో) ఉన్నవాడు ఈగను చంపితే ఏమవుతుందని అడిగాడు. ఆయన, "వీళ్లు ఈగను చంపడం గురించి అడుగుతున్నారు! ప్రవక్త కూతురి కొడుకును చంపారు కదా! ఈ లోకంలో హసన్, హుసేన్ ఇద్దరూ నా రెండు పరిమళ పుష్పాలని ప్రవక్త (స) అన్నారు" అని బాధపడ్డారు. షర్బత్ గ్లాసు మీద గంటల కొద్దీ వాదించి, ఊరి మనుషులతో మాటలు మానేసి, ఇమామ్ హుసేన్ ఎందుకు ప్రాణమిచ్చారో ఒక్కసారి కూడా చదవనివాళ్లు ఈ సంగతి ఆలోచించాలి. పెట్టెను బావిలో పడేసే ధైర్యం కంటే, వాళ్ల ఇళ్లలో చెల్లెళ్ల పెళ్లిళ్లకు కట్నం అడిగినవాళ్లకు లేదని చెప్పే ధైర్యం ఇప్పుడు ఎక్కువ అవసరం.

అమ్మకు షుగర్, బీపీ లాంటివేమైనా ఉంటే రెండు రోజులు వరుసగా ఉపవాసం ఉండమని బలవంతం చేయకండి. ఇది విధి కాదు, నఫిల్ (ఐచ్ఛికం). మందులు వేసుకునే మనిషైతే కల్వకుర్తిలో చూపించే డాక్టరును ముందే అడిగి, ఉండగలిగితే పదో రోజు ఒక్కటి ఉండనివ్వండి. లేకపోతే మీ ఉపవాసానికి ఇఫ్తార్ వండిపెట్టమనండి. ఉపవాసమున్నవాడికి ఇఫ్తార్ పెట్టినవాళ్లకు, అతని పుణ్యంలో ఏమీ తగ్గకుండా, అంత పుణ్యమూ ఉంటుందని హదీసుంది. ఆ హదీసు ఆమెకు తెలుగులో చదివి వినిపించండి.